గాజు మీద పులి

కింద కండక్టరు "కడలూరు కడలూరు కడలూరు" అని ఒకే ఊపిరిలో అరుస్తున్నాడు. పుదుచ్చేరి ఒర్లియంపేటలో బస్టాండు దగ్గరి సందు, రెండంతస్తుల పైన డాబా మీద రేకుల గది. పొద్దున కురిసిన వాన ఇంకా రేకు అంచున బొట్లు బొట్లుగా జారుతోంది. చెప్పులు బయట వదిలి రండి. కుర్చీలు లేవు, చాప ఉంది. మూడు టాబ్లెట్లు, వాటి తీగలన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులోకి. మూల గిన్నెలో కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో గుడ్డ నానుతోంది. ఆ వాసనకి మొదట ముక్కు మూసుకుంటారు. పావుగంట పోతే గుర్తు కూడా ఉండదు.

నేను నేర్చుకున్నది శ్రీకాళహస్తి కలంకారీ. ఈ నాలుగు శనివారాలుగా నేర్పుతున్నది కొరియా పులి. పిల్లలు అడిగింది అదే మరి. 2025లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'కేపాప్ డీమన్ హంటర్స్'లో పళ్లికిలించే నీలం పులీ, పక్కనే టోపీ పెట్టుకున్న ఆరు కళ్ల పిట్టా చూశారు కదా, ఆ జంట సినిమావాళ్లు కొత్తగా పుట్టించింది కాదు. జోసన్ రాజుల కాలం (1392–1910) చివర్లో కొరియా ఇళ్లలో కొత్త సంవత్సరానికి పులి బొమ్మ అంటించుకునేవాళ్లు. పులి చెడును గుమ్మం బయటే ఆపుతుంది. చెట్టు మీద కూర్చున్న క్కాచి, అంటే కాకి జాతిలోని నలుపు తెలుపుల పిట్ట, మంచి కబురు తెస్తుంది. మన వాకిట్లో కాకి అరిస్తే చుట్టాలొస్తారని అనుకోమూ, అలాగే. ఆ పులికి కోరలుంటాయి గానీ భయం పుట్టదు. కళ్లు చెరోవైపు చూస్తుంటాయి. ఒంటి మీద సగం చారలు, సగం చిరుతపులి మచ్చలు. పులి అంటే పెత్తనం చేసే దొరగారనీ, పిట్ట ఆయన్ని ఆటపట్టిస్తోందనీ చెప్పేవాళ్లూ ఉన్నారు.

ఇలాంటి బొమ్మల్ని మిన్‌హ్వా అంటారు, జనం బొమ్మలు అని. ఆ పేరు వెనక ఉన్నది యానగి సోఎత్సు (1889–1961) అనే జపాన్ పండితుడు. గీసినవాళ్లలో చాలామంది బొమ్మ కింద సంతకమే పెట్టలేదు.

"మాస్టారూ!"

యానాం పిల్ల. తొమ్మిదో తరగతి. నాన్నకి ఇక్కడ సర్కారు ఉద్యోగం. ఆ ఊరూ ఈ ఊరూ ఒకే పుదుచ్చేరి పాలనలో ఉన్నా, మధ్య దూరం ఎనిమిది వందల కిలోమీటర్లు దాటుతుంది. పిల్లతో పాటు అమ్మమ్మ కూడా వచ్చింది. గోడకి చేరబడి, సంచీలోంచి చిక్కుడుకాయలు తీసి ఈనెలు తీస్తోంది.

"ఏంటమ్మా?"

"పులి కింద పెట్టుకుని గీస్తున్నాను. ఇది కాపీ కొట్టినట్టే కదండీ?"

తెర మీద పాత పులి బొమ్మ మసగ్గా, ముప్ఫై శాతం ఒపాసిటీలో ఉంది. దాని పైన కొత్త లేయర్. పిల్ల స్టైలస్ ఎత్తి పట్టుకుంది, దొంగతనం చేస్తున్న మొహంతో.

కాదన్నాను. మిన్‌హ్వా గీసేవాళ్లు మొదట చేసే పని అదే. అడుగున గీతల కాగితం పరుస్తారు, దాన్ని 'బొన్' అంటారు. పైన హంజీ, అంటే వాళ్ల మల్బరీ జాతి చెట్టు బెరడు కాగితం. కింది గీత పైకి లీలగా కనిపిస్తుంది. దాని మీద సిరా నడుస్తుంది. ఒకే బొన్ నుంచి ఎన్నో పులులు పుడతాయి, ఏ రెండిటి మొహమూ ఒకటి కాదు. ఇంకో సంగతి చెప్పనా, ఈ పద్ధతి కోసం కొరియా దాకా కూడా పోనక్కర్లేదు. ఇక్కణ్ణుంచి తూర్పుగా సముద్రం వైపు నడిస్తే ఫ్రెంచివాళ్ల పాత పట్నం. 1734 ప్రాంతంలో బొలియు అనే ఫ్రెంచి ఓడ అధికారి ఈ పుదుచ్చేరిలోనే రంగులవాళ్ల చేత తన కళ్లెదుట అద్దకం గుడ్డ చేయించాడు. పనిలో ఒక్కో మెట్టు దాటగానే ఓ గుడ్డముక్క తీసి, రాసుకున్న దాంతో పాటు భద్రం చేశాడు. ఆ రాతప్రతి ఇప్పుడు పారిస్‌లో, ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది. కరక్కాయ పట్టిన గుడ్డ, నల్ల గీత పడ్డ గుడ్డ, ఎరుపు ఎక్కిన గుడ్డ, అలా వరసగా. టాబ్లెట్ పక్కన లేయర్ల పట్టీ తెరిస్తే నాకు కనిపించేది అదే.

ఆ రోజుల్లో ఫ్రాన్సులో ఈ గుడ్డలకి నిషేధం, 1686 నుంచి 1759 దాకా. జనానికి మోజు తగ్గలేదు, కిటుకు తెలుసుకోవాలన్న ఆత్రం దొరలకీ తగ్గలేదు. 1742లో కేర్దూ అనే జెసూట్ పాదిరీ కూడా తన దగ్గర మతం పుచ్చుకున్న రంగులవాళ్లని అడిగి ఈ పనంతా ఉత్తరంగా రాసి పంపాడు. తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి కలిపి నిఘంటువు కట్టిన కేర్దూయే ఈయన. గీతల కాగితానికి సూదితో బెజ్జాలు పొడిచి, బొగ్గుపొడి మూట అద్ది, గుడ్డ మీదకి బొమ్మ దింపే పద్ధతి ఆ కాలపు రాతల్లో ఉంది. మన బొన్ అన్నమాట, బెజ్జాలతో.

"అయితే కాపీ కాదా?" పిల్ల.

"గీత నీదైతే కాదు. ఒక్కటే షరతు. గీతల లేయర్ మీద రెండు వేళ్లు తాకించకూడదు."

రెండు వేళ్లు తాకిస్తే అన్‌డూ. తప్పు మాయమైపోతుంది. నాకు పడనిది అదొక్కటే. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరిన నీళ్లలో కలం ముంచి కరక్కాయ పట్టిన గుడ్డకి ఆనించండి. ఒక్క క్షణం లేతగా ఉంటుంది, చూస్తుండగానే నల్లబడుతుంది. ఇక అంతే. హంజీ మీద సిరా అయినా అంతే. ఆ భయంలోంచే చేతికి నిదానం వస్తుంది. అన్‌డూ ఉన్న పిల్లలు ఒకే మీసాన్ని ఇరవైసార్లు గీసి ఇరవై ఒకటోది ఉంచుకుంటారు. మీసం బాగానే ఉంటుంది, చెయ్యి మాత్రం మొదటి మీసం దగ్గరే ఆగిపోతుంది.

తోక దగ్గర పిల్ల చెయ్యి వణికింది. రెండు వేళ్లు తెర దాకా వెళ్లి ఆగాయి. నా వైపు చూసింది. నేను చిక్కుడుకాయల వైపు చూశాను. వంకర ఉండిపోయింది. దాన్ని కలుపుకుంటూ ఇంకో చార వేసింది. పులికి తోకలో ముడి వచ్చింది, బావుంది కూడా.

ఇప్పుడు రంగు. పులి వెనకాల ఎర్ర మందార లాంటి పెద్ద పువ్వు, వాళ్ల పియొని, సిరిసంపదలకి గుర్తు. రేకు మొదట్లో ముదురు, చివరికి పోనుపోను లేత. దీన్ని 'బారిమ్' అంటారు. పిల్ల రంగు పులిమే స్మడ్జ్ తీసి రుద్దింది. రేకంతా బురదయింది. టాబ్లెట్ పక్కన పెట్టించి కాగితం పరిచాను. దగ్గరికి జరగండి. ఒకే చేతిలో రెండు కుంచెలు, భోజనం పుల్లలు పట్టుకున్నట్టు. మొదటిది రంగుది: రేకు మొదట్లో ఓ ముద్ద. వెంటనే వేళ్లలోనే కుంచె మార్చి, రెండోది నీళ్లది: ముద్ద అంచుని తాకి, బయటికి, ఒకే వైపు. వెనక్కి తేకూడదు. తెస్తే ముదురు లేతలోకి దొర్లుతుంది. స్మడ్జ్ చేసింది సరిగ్గా ఆ తప్పే.

రంగు కాగితంలోకి ఇంకిపోకుండా ముందే తోలు జిగురూ పటికా కలిపిన నీళ్లు పూసి ఆరబెడతారు. అదే పటిక మా గుడ్డ మీద పని మార్చుకుంటుంది, చిరివేరు ఎరుపుని నూలుకి కరిపిస్తుంది. ఒకచోట రంగుని పైనే ఆపేది, ఒకచోట లోపలికి దించేది. పటిక ముక్క ఒకటి పిల్ల అరచేతిలో పెట్టాను. నాకి చూసి మొహం చిట్లించింది.

మళ్లీ టాబ్లెట్. స్మడ్జ్ మానేసి, చదును రంగు మీద అంచు దాటనివ్వని క్లిప్పింగ్ మాస్క్, పది శాతం బలంతో మెత్తటి బ్రష్, మొదట్నుంచి చివరికి, ఒకే వైపు. నాలుగు పూతలకి రేకు లేచి నిలబడింది.

"ఏదే, ఇలా ఇవ్వు," అంది అమ్మమ్మ. చిక్కుడుకాయల చేతులు చీరకి తుడుచుకుంది. "ధనుర్మాసం వచ్చేస్తంది. దీని మీద ముగ్గు పడద్దా?"

"ఆయ్, పడద్ది. వేలితో గీయి." పిల్ల కొత్త ఫైలు తెరిచింది.

అమ్మమ్మ చూపుడు వేలు ఆనించి మెలిక ఒకటి తిప్పింది. చుట్టు మూసేచోట అలవాటుగా ఓ క్షణం ఆగింది. అంతే, వంపు కాస్తా టక్కున కొలిచినట్టు కోడిగుడ్డు ఆకారంలోకి బిగుసుకుంది.

"ఓలమ్మో! నేను గీసిందాన్ని సరిచెయ్యమని దీన్నెవరడిగారే?"

"వేలు ఆపావు కదా అమ్మమ్మా. ఆపితే అదే సరిచేసేస్తది. ఉండు, తీసేస్తాను."

"తియ్యక్కర్లేదు. ఆపకుండా గీస్తాలే."

కొంగు నడుముకి దోపి ముందుకి వంగింది. కింద కడలూరు బస్సు కదిలింది, రేకులు దడదడలాడాయి. వేలు ఎత్తలేదు. ఒక మెలిక, దాని వెనకాల ఇంకో మెలిక.