సమోసా: ఖలీఫా విందు నుంచి కరక్ చాయ్ పక్కకు

దుబాయ్‌లోనో షార్జాలోనో తెలుగువాళ్లింట్లో పుట్టినరోజు జరిగినా, దీపావళికి నాలుగు కుటుంబాలు ఒకచోట చేరినా, బతుకమ్మ ఆడి అలసిన ఆడవాళ్లు చాపల మీద కూలబడినా, భోజనాలకు ముందు తిరిగే పళ్లెంలో సమోసా ఉండి తీరుతుంది. చికెన్ సిక్స్‌టీఫైవ్, పనీర్ టిక్కా చేతిలో డబ్బు ఆడుతున్నప్పటి ముచ్చట్లు. నెలాఖరు వచ్చింది, ఇంటద్దె చెక్కు బ్యాంకులో పడబోతోంది, పాతిక మంది వస్తామన్నారు. అలాంటప్పుడు ఇల్లాలికి తట్టేది సమోసాయే.

తమాషా ఏమిటంటే అదే భవనంలో మిగతా వాళ్లకూ అదే తడుతుంది. ఎమిరాతీలు సంబూసా అంటారు. సోమాలీ కుటుంబం కూడా కొంచెం అటూఇటూగా అదే మాట పలుకుతుంది. మలబారు ముస్లింల ఇళ్లలో రంజాన్ సాయంత్రం అది లేకపోతే ఏదో వెలితి. పాకిస్తానీలు, బంగ్లాదేశీలు సరేసరి. ఇన్ని దేశాల వాళ్లు ఎవరికి వారు మా ఇంటి వంటే అనుకునే పదార్థం ఈ గడ్డ మీద నాకు మరొకటి కనిపించలేదు. అలా అనుకోవడంలో ఎవరి తప్పూ లేదు. అందరి ఇంటికీ అది వందల ఏళ్ల కిందటే వచ్చి చేరింది.

దీని పుట్టిల్లు పర్షియా. పాత పర్షియన్ పేరు అరబ్బుల నోట సంబూసజ్‌గా మారింది. అబ్బాసీ ఖలీఫాల బాగ్దాదులో అది దొరల తిండి. హరూన్ అల్ రషీద్ కొలువులో పేరు మోసిన సంగీత విద్వాంసుడు ఇస్‌హాక్ అల్ మౌసిలీ క్రీ.శ. 850లో చనిపోయాడు. ఆయన సంబూసజ్ మీద ఏకంగా పద్యమే కట్టాడు. తర్వాత సుమారు వందేళ్లకు ఖలీఫా అల్ ముస్తక్ఫీ తిండి మీద కవిత్వం చదివించుకుంటూ ఒక విందు చేశాడట. అందులో ఈ పద్యాన్ని వినిపించారని చరిత్రకారుడు అల్ మసూదీ రాసిపెట్టాడు. తినేదాని మీద పద్యం, ఆ పద్యం కోసం విందు! ఈ రోజు కెఫటేరియాలో బల్బు కింద గాజుపెట్టెలో కూర్చున్న సమోసాకు ఒకనాడు అంతటి వైభోగం ఉండేది.

ఆ రోజుల్లో దాన్ని ఎలా చేసేవారో కూడా మనకు తెలుసు. 1226లో మహమ్మద్ బిన్ హసన్ అల్ బాగ్దాదీ అరబ్బీలో ఒక వంటల పుస్తకం రాశాడు. అందులోని సంబూసజ్ పద్ధతి చదువుతుంటే హైదరాబాదు వంటవాడి పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. పల్చటి రొట్టెను పట్టీలుగా కోయాలి. సన్నగా తరిగి మసాలాలతో వండిన మాంసంలో కచ్చాపచ్చాగా దంచిన బాదంపప్పు కలిపి ఆ పట్టీలో పెట్టాలి. మూడు మూలలు వచ్చేలా మడిచి, అంచును పిండితో అంటించి, నువ్వుల నూనెలో వేయించాలి. ఎనిమిది వందల ఏళ్లు గడిచాయి. లోపలి సరుకు మారింది, నూనె మారింది. పట్టీ మారలేదు, మడత మారలేదు, అంచుకు రాసే పిండి కూడా మారలేదు. మాంసం బదులు చక్కెర, బాదంపప్పు కూరిన తీపి రకం కూడా ఆ పుస్తకంలో ఉంది.

అక్కడి నుంచి తూర్పుగా నడిచి సమోసా ఢిల్లీ సుల్తానుల వంటింటికి చేరింది. పద్నాలుగో శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువుకు వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా రాజభోజనంలో ఏ పదార్థం తర్వాత ఏది వడ్డించారో వరుసగా రాశాడు. కైమాలో బాదం, అక్రోటు, పిస్తా, ఉల్లిపాయ, మసాలాలు కలిపి, పల్చటి రొట్టెలో చుట్టి, నేతిలో వేయించిన సంబూసక్‌లను మనిషికి నాలుగైదు చొప్పున పెట్టారంటాడు. ఇంకో వందేళ్లు దాటాక మాళవ దేశాన్ని ఏలిన గియాస్ షా తన వంటలన్నిటినీ బొమ్మలతో సహా రాయించాడు. 'నిమత్‌నామా' అనే ఆ పుస్తకం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో సమోసాలే పలు రకాలు. అక్బరు కొలువు వంటల జాబితాలోనూ అబుల్ ఫజల్ దీన్ని మరచిపోలేదు.

ఇంతవరకు చెప్పిన సమోసాలన్నీ ఖరీదైనవే. మాంసం, పిస్తా, బాదం, నెయ్యి. పేదవాడు దూరం నుంచి చూడాల్సిన తిండి. ఇది చవకగా ఎలా మారిందన్నదే నా దృష్టిలో దీని చరిత్రలో అసలు ఘట్టం. ఆ పని ఏ రాజూ చేయలేదు. పేరు తెలియని వంటవాళ్లు, వీధి చివర మూకుడు పెట్టుకున్నవాళ్లు, సంసారం ఈదే ఆడవాళ్లు చేశారు.

వాళ్లకు కొంత సరుకును సముద్రం అందించింది. పోర్చుగీసు అల్బుకర్క్ 1507లో, నేటి ఎమిరేట్స్ తూర్పు తీరంలో ఉన్న ఖోర్ ఫక్కాన్ మీద పడి దాన్ని తగలబెట్టాడు. మూడేళ్లకు గోవాను పట్టుకున్నాడు. ఆ పోర్చుగీసుల ఓడల వెంటే అమెరికా ఖండపు మిరపకాయ మన దేశానికి వచ్చింది. బంగాళదుంప కూడా వాళ్ల చలవే, కాకపోతే మన పొలాల్లో విస్తారంగా పాకింది ఇంగ్లీషువాళ్ల కాలంలో. మాంసం ఉన్నచోట దుంప కూరితే ఖర్చు ఎన్నో వంతుకు దిగిపోతుంది. శాకాహారుల ఇంటి గుమ్మం కూడా అప్పుడే తెరుచుకుంది. ఉత్తరాదిలో పిండిలో నెయ్యి పోసి మందంగా, పెద్దగా, నిలబెడితే నిలబడేటట్టు చేసే ఆలూ సమోసా అలా స్థిరపడింది. గోవా నుంచి పోర్చుగీసులు దీన్ని తమ దేశానికి తీసుకుపోతే అక్కడా అది సొంత తిండి అయి కూర్చుంది.

హైదరాబాదు మాత్రం ఇంకో దారి పట్టింది. నిజాముల నగరంలో పెళ్లి విందుకు ముందు కైమా కూరిన చదరపు లుఖ్మీ వడ్డించడం ఆనవాయితీ. అది దావత్ వంట. రోజువారీ జనం వంట వేరే ఉంది. ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా వచ్చినవాళ్లు హోటళ్లు పెట్టారు. ఆ ఇరానీ హోటళ్లలో చాయ్ పక్కన చిన్న ఉల్లిపాయ సమోసా చేరింది. పిల్లవాడు నిండుగా ఒక పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టిపోతాడు. తిన్నన్ని తిని మిగిలినవి వదిలేస్తే, లెక్కపెట్టి తిన్నవాటికే డబ్బు తీసుకుంటారు. సినిమాహాలు విశ్రాంతిలో తిన్నదీ, రైల్లో బుట్టవాడి దగ్గర కొన్నదీ ఈ బుల్లి సమోసాయే. పట్టీ, మడత చూస్తే పంజాబీ ఆలూ సమోసా కన్నా ఈ ఇరానీ హోటల్ సమోసాయే అల్ బాగ్దాదీ చెప్పినదానికి దగ్గర. ధరలో మాత్రం రెంటికీ పొంతనే లేదు. ఖలీఫా తిండి రూపం చెడకుండా రిక్షావాలా అందుకోగలిగిన వెలకు దిగింది. వంటింటి తెలివికి ఇంతకన్నా గొప్ప ఉదాహరణ నేను చూపలేను.

ఇక ఎమిరేట్స్ సంగతి. ఈ తీరానికి సమోసా ఫలానా ఏడాది వచ్చిందని చెప్పే వీలు లేదు గానీ, రాకపోకల దారులు మాత్రం రెండు స్పష్టంగా కనిపిస్తాయి. ఎదుటి ఒడ్డున పర్షియా. అక్కడి లింగె రేవులో సుంకాలు పెరిగాక ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వర్తకులు దుబాయ్‌కి తరలివచ్చారు. వాళ్లు కట్టుకున్న గాలిబురుజుల ఇళ్లు అక్కడి అల్ ఫహీదీ పేటలో ఇప్పటికీ ఉన్నాయి. రెండో దారి మన దేశం. ముత్యాల వ్యాపారం సాగిన రోజుల నుంచీ సింధీ, గుజరాతీ సేట్లు క్రీక్ ఒడ్డున దుకాణాలు నడిపారు. ఇక్కడ చెలామణి అయింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ ప్రాంతం కోసమే వేరే రంగుల్లో గల్ఫ్ రూపాయి నోట్లు అచ్చువేసింది. 1966 దాకా అవి నడిచాయి. బియ్యం, మసాలాలు, బట్టలు, డబ్బు, అన్నీ ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు వస్తుంటే వంటలు మాత్రం ఆగుతాయా?

1971 డిసెంబరు 2న ఎమిరేట్స్ ఒక దేశమైంది. 1973లో దిర్హమ్ వచ్చింది. అదే ఏడాది చమురు ధర ఎగబాకింది, కట్టడాలు లేచాయి, కట్టేవాళ్లు కావలసి వచ్చారు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి, ఇటు కోనసీమ, కడపల నుంచి మనవాళ్లు దిగారు. సోనాపూర్, అల్ కోజ్, ముసఫ్ఫా క్యాంపుల్లో ఒక్కో గదిలో మంచాల మీద మంచాలు వేసుకుని ఉన్నారు. ఊళ్లోని అప్పు, చెల్లెలి పెళ్లి, ఇంటి స్లాబు, అన్నీ ఒకే జీతంలోంచి వెళ్లాలి. అలాంటి మనిషికి పని దిగాక మలయాళీ కెఫటేరియాలో ఒక కరక్ చాయ్, ఒక సమోసా చాలా ఏళ్లపాటు చెరో దిర్హమ్‌కు దొరికాయి. రెండు దిర్హములతో కడుపు కాస్త కుదుటపడేది. గదిలో ఎవరికైనా బిడ్డ పుట్టిన కబురు ఫోన్లో వచ్చిందంటే, లేదా ఎవరైనా వీసా రద్దు చేసుకుని ఇంటికి బయల్దేరుతున్నారంటే, కాగితం సంచిలో పాతిక సమోసాలు తెచ్చి మంచం మీద పరిచేవారు. అదే వాళ్ల పార్టీ. ఎడారి దేశంలో తెలుగువాడి సంబరాల చరిత్ర రాసేవారెవరైనా ఆ కాగితం సంచిని వదిలేయకూడదు.

రంజాన్ నెలలో అసర్ నమాజు దాటాక దుబాయ్ కరామాలోనో షార్జా రోలాలోనో నడిచి చూడండి. హోటళ్ల ముందు బల్లలు వేసి ఉంటాయి. ఆ బల్లలకు మున్సిపాలిటీ అనుమతి ఉండాలి, తినుబండారాలను తెరిచి పెట్టకూడదు. మూతల వెనక కైమా సమోసా, చికెన్, కూరగాయలు, చీజ్, ఇంకో పక్కన ఉల్లిపాయ బజ్జీలు, ఖర్జూరపు పాకం పోసే లుగైమాత్. కొనేవాళ్లలో ఎవరు ఉపవాసం ఉన్నారో, ఎవరు ఊరికే ఆ రుచికి వచ్చారో చెప్పలేం. హైదరాబాదు పాతబస్తీలో పెరిగినవాళ్లకు ఆ సందడిలో బెంగ కొంచెం తగ్గుతుంది.

ఇక ఇంట్లో చేసుకునే సంగతికి వస్తాను, ఎందుకంటే చవక అన్నమాట నిజమయ్యేది అక్కడే. అరకిలో మైదా, కిలో ఉల్లిపాయలు, రెండు గుప్పిళ్ల పల్చటి అటుకులు ఉంటే చిన్నవి యాభై అరవై అవుతాయి. పిండిని కాస్త గట్టిగా తడిపి అరగంట నాననివ్వాలి. చిన్న చిన్న పూరీలు ఒత్తి, ఒక్కోదాని మీద నూనె రాసి పొడి పిండి చల్లి, నాలుగైదింటిని ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఆ దొంతరను కలిపి పల్చగా ఒత్తి పెనం మీద రెండు వైపులా వేడి తగలనిస్తే చాలు, మచ్చలు పడకూడదు. వేడి మీదే పొరలు విడదీస్తే కాగితాల్లా వస్తాయి. వాటిని పట్టీలుగా కోసి తడిగుడ్డ కప్పి ఉంచాలి, లేకపోతే ఇక్కడి ఏసీ గాలికి నిమిషాల్లో పెళుసెక్కుతాయి.

ఉల్లిపాయను పల్చగా చీరాలి, వండక్కర్లేదు. కారం, జీలకర్ర, కొత్తిమీర, సన్నగా తరిగిన పచ్చిమిర్చి కలపాలి. ఉప్పు మాత్రం సరిగ్గా మడవబోతూ వేయాలి, ముందే వేసి ఉంచితే ఉల్లి నీరు కారిపోతుంది. అటుకుల పని కూడా ఆ నీరు పీల్చడమే. దాంతో పట్టీ మెత్తబడదు, సమోసా చల్లారినా కరకరలాడుతుంది. ఇంత చిన్న కిటుకు కనిపెట్టిందెవరో గానీ, పుణ్యాత్ములు. మూలను మడిచి, దొప్పలా చేసి, నింపి, చివరి అంచుకు మైదా గంజి రాసి మూయాలి. చిన్న సందు మిగిలినా నూనె లోపలికి పోతుంది. మంట మధ్యస్తంగా ఉండాలి. పెద్ద మంట మీద రంగు త్వరగా వస్తుంది, లోపలి పొర పచ్చిగా మిగులుతుంది.

లులూ, కార్ఫూర్ లాంటి దుకాణాల్లో సమోసా పట్టీలు ప్యాకెట్లలో దొరుకుతాయి. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు అవి వాడుకోవడంలో తప్పేమీ లేదు. లోపల కూరేది కూడా తయారుగా దొరికే ఫ్రోజెన్ సమోసా మాత్రం నా మటుకు నాకు నచ్చదు. అందులో బఠాణీలు, దుంపల ముద్దే ఎక్కువ, కారం తక్కువ, డబ్బు ఎక్కువ. ఇంట్లో వారం ముందే మడిచి, ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పరిచి ఫ్రీజర్లో గట్టిపరిచి, తర్వాత సంచిలో వేసి దాచుకోవచ్చు. కైమా, చీజ్, దుంప కూరినవైతే ఇలా దాచడానికి మరీ అనువు. రంజాన్ ముందు ఎమిరాతీ ఇళ్లలో ఆడవాళ్లందరూ కూర్చుని చేసేది ఇదే. వేయించేటప్పుడు మంచు కరిగే దాకా ఆగకుండా నేరుగా నూనెలో వేయాలి. పచ్చి ఉల్లిపాయవి మాత్రం దాచొద్దు, ఏ పూటకా పూటే మడుచుకోండి.

ఈ దీపావళికి మీ ఇంటికి పాతిక మంది వస్తున్నారంటే స్టార్టర్లకు హోటల్‌కు ఫోన్ చేయకండి. ముందురోజు సాయంత్రం ఇద్దరు స్నేహితురాళ్లను పిలవండి, పిల్లలకు గంజి రాసే పని అప్పజెప్పండి, దుంపవో కైమావో అరవై మడవండి. పది ఎక్కువే చేసి, పండగపూట కూడా కింద డ్యూటీలో ఉన్న వాచ్‌మన్‌కు వేడివేడిగా పంపండి.