కలివికోడియు కేంద్రధనమును

నాంపల్లి రైలుస్టేషను దాటి ఉత్తరముగా పోవువారికి బాగెఆం అనబడు పబ్లిక్ గార్డెన్సును, దాని ప్రక్కనే తెల్లని గుమ్మటముల శాసనసభామందిరమును కనబడును. 1905లో నిజాం మహబూబ్ అలీఖాన్ పునాది వేయగా 1913లో పూర్తియైన పురమందిరమే యిది. ఈ తోటకును ఈ మందిరమునకును అడవిమృగములతో సంబంధమేమని పాఠకులకు తోచవచ్చును. 1963లో మీరాలం చెరువు దాపున నెహ్రూ జంతుశాల తెరవబడుటకు పూర్వము నగరపు జంతుశాల ఈ తోటలోనే యుండెను. హైదరాబాదు బాలురు పులిని చూడగోరిన నాంపల్లికే వచ్చెడివారు. ఇక మందిరము మాట. అందు సమావేశమగుచుండిన ఆంధ్రప్రదేశ్ శాసనసభ, వన్యప్రాణిరక్షణకు దేశమంతటికి నొక చట్టము చేయుడని పార్లమెంటును కోరుచు తీర్మానించెను. ఇట్లు కోరిన రాష్ట్రములు పదునొకండు. వాని కోరికపై వచ్చినదే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము.

తమ యధీనములోనున్న విషయమునుగూర్చి చట్టము చేయుడని రాష్ట్రములే కేంద్రము నడుగుట సామాన్యము కాదు. అడవులును, అడవిమృగములును, పక్షులును నాడు రాష్ట్రముల జాబితాలోనివి. రెండు రాష్ట్రములైనను తీర్మానించి కోరిననే గాని పార్లమెంటు ఇట్టి విషయములలో చేయిపెట్టరాదని రాజ్యాంగము 252వ యధికరణము చెప్పుచున్నది. పులి సరిహద్దు నెరుగదు. చర్మవ్యాపారి యెరిగియు లెక్కచేయడు. ఒక్కొక్క రాష్ట్రము వేరువేరుగా చేసికొనిన శాసనములతో పని కాలేదు. 1976లో జరిగిన నలువదిరెండవ సవరణతో ఈ విషయములు ఉమ్మడిజాబితాలోనికి వచ్చినవి.

మన నగరపు పూర్వచరిత్ర ఈ విషయమున రెండు ముఖములు గలది. మహబూబ్ అలీఖాన్ ముప్పదికి మించి పులులను చంపెనని జనులు ఆయనను తీస్‌మార్‌ఖాన్ అనిరి. అదే మాటతో నేడు మనము బడాయికోరులను ఎగతాళి చేయుచున్నాము. ఆయన కొలువులో పరిచారకుడైయుండి పిదప అంగడి పెట్టిన ఆల్బర్టు ఆబిద్ అను ఆర్మీనియనువాని పేరనే ఆబిడ్స్ వెలసినది. వేటకును వైభవమునకును ధారాళముగ వెచ్చించిన ఆ సంస్థానపు ఖజానాయే ఆ తరువాతి నిజాం కాలమున, 1931-32లో, సలీం అలీ జరిపిన పక్షిపరిశీలనకును ధనమిచ్చెను. ఆయన జీతము గోరలేదు. ప్రయాణమునకును బసకును అగు ఖర్చులు మాత్రమే సంస్థానము భరించినది. మన ప్రాంతములో ప్రభుత్వధనము ప్రాణులను చంపుటకు గాక తెలిసికొనుటకు వినియోగపడిన తొలిసందర్భములలో నిది యొకటి. ఆ వ్యయ మెంత స్వల్పము! దాని ఫలమును నేటికిని శాస్త్రజ్ఞులు వాడుకొనుచున్నారు.

చట్టము వచ్చినంతమాత్రమున ధనము రాదు. అడవికాపరికి జీతము, నీటిగుంటకు త్రవ్వుకూలి, వేసవిలో అగ్గి ప్రాకకుండ కంచెబాటలు, ఇవి యన్నియు రాష్ట్రపు పద్దులే. బడియు, ఆసుపత్రియు, కాలువయు ముందు నిలిచి యడుగుచుండగా పులి పద్దు ఎప్పుడును వెనుకబడును. అందుచే కేంద్రప్రభుత్వము 282వ యధికరణమునుబట్టి రాష్ట్రములకు గ్రాంటు లిచ్చు పద్ధతి నవలంబించెను. 1973లో పులులపథకము ఆరంభమైనది. కృష్ణకు ఇరువైపుల నల్లమలలో 3,568 చదరపు కిలోమీటర్ల నాగార్జునసాగర్-శ్రీశైలము అరణ్యము 1983లో అందు చేరినది. చిరకాలము, ఒక్కమారు చేయు పనులకు ఖర్చంతయు కేంద్రము, ఏటేట వచ్చు ఖర్చులో సగము రాష్ట్రము భరించు నియమ ముండెను. 2015-16నుండి నూటికి అరువది కేంద్రమును, నలుబది రాష్ట్రమును అని మార్చిరి. ఈశాన్యరాష్ట్రములకును హిమాలయరాష్ట్రములకును మాత్రము తొంబదియు పదియు.

అమెరికాలో 1937 నాటి చట్టము తుపాకులమీదను తూటాలమీదను వసూలగు సుంకమును జంతురక్షణకై రాష్ట్రములకు పంచిపెట్టెను. వేటగాని తూటాయే మృగమునకు పోషణమైనది! అచ్చటనే 1973లో వచ్చిన చట్టము, నశించుచున్న ప్రాణులకొరకు రాష్ట్రము చేయు ఖర్చులో నూటికి డెబ్బదియైదు తానిచ్చి, రెండు రాష్ట్రములు కలిసి పూనుకొన్నచో తొంబదివరకును ఇచ్చును. 2014 తరువాత కృష్ణకు ఆవలి యొడ్డొక రాష్ట్రము, ఈవలి యొడ్డొక రాష్ట్రమునైన నల్లమలకు ఇట్టి నియమ ముండిన నెంత బాగుండెడిది!

గ్రాంటు కాగితముపై ధర్మబుద్ధి గలదే గాని దానికి చూపు తక్కువ. పెద్దదియు లెక్కకు దొరకునదియునైన జంతువును అది త్వరగా గుర్తించును. పులికి చారలున్నవి, చెట్టునకు కట్టిన కెమెరా ఆ చారలనుబట్టి దీనిని దానిని వేరుగా చూపును, సంఖ్య పత్రికలకెక్కును. పిట్టల గతి యట్లు కాదు. కర్నూలుజిల్లా రోళ్ళపాడులో బట్టమేకపిట్టకొరకు 1988లో 614 హెక్టార్ల శరణాలయ మేర్పడినది. కాని ఆ పిట్ట కంచెలోపలనే బ్రతుకునది కాదు. చుట్టునున్న మెట్టచేలలోను బీళ్ళలోను తిరుగునది. చుట్టును కాలువనీరు వచ్చి పైరులు మారినవి. లోపల కృష్ణజింకలు పెరిగి రైతుల చేలపై బడినవి. రైతు కోపము శరణాలయము మీదికే తిరిగినది. పిట్ట ఏటేటికి తగ్గి తుదకు కంటబడుటయే గగనమైనది.

కలివికోడి చరిత్ర యింకను విచిత్రము. కలివిపొదల నడుమ తిరుగునది కావున ఆ పేరు. జానెడుకంటె కొంచెము పెద్దది. రొమ్మున రెండు పట్టీలు. పగలు పొదలలో నణగియుండి రాత్రి పురుగుల నేరుకొని తినును. 1848లో జెర్డన్ అను సైనికవైద్యుడు దీనిని లోకమునకు తెలిపెను. 1900లో అనంతపురము ప్రాంతమున కనబడిన పిదప మరల జాడ లేదు. నశించినదనియే పండితులు తలచిరి. 1986 జనవరిలో, కడపజిల్లా రెడ్డిపల్లెదగ్గర, బొంబాయి ప్రకృతిచరిత్రసంఘము వారు వెదకుచుండగా, ఆ ప్రాంతపు పల్లెవా డొకడు రాత్రివేళ దీపపు వెలుగులో ఆ పిట్టను పట్టి తెచ్చెను. ఎనుబదియైదేండ్లుగా గ్రంథములలో మృతమైయున్న ప్రాణి ఆ పల్లెవానికి మాత్రము బ్రతికియే యున్నది! 1988లో శ్రీలంకమల్లేశ్వర శరణాలయ మేర్పడినది. అదే సంవత్సరము తపాలాశాఖవారు దాని బొమ్మతో బిళ్ళను వేసిరి.

అటుపిమ్మట తెలుగుగంగ కాలువపని వచ్చినది. 2005లో యంత్రములు కలివికోడి తిరుగు చిట్టడవిలోనికే చొచ్చినవి. విషయము సర్వోన్నతన్యాయస్థానమువారి సంఘమువరకును పోయి కాలువత్రోవ మార్పబడినది. రాయలసీమలో కాలువను నిందింపజాలినవా డెవడు? నీరు లేక గ్రామములే తరలిపోయిన సీమ యది. అయినను రెండును దక్కుట సాధ్యమే యని ఆ త్రోవమార్పు రుజువుచేసినది. భూమిని కొని యిచ్చుటకు ధనము వలసెను, అంతే. 2008-09లో కేంద్రము వన్యప్రాణి ఆవాసాభివృద్ధి పథకములో మిక్కిలి యాపదలోనున్న ప్రాణుల పునరుద్ధరణకు ప్రత్యేకభాగ మేర్పరచి, అందు కలివికోడి పేరును చేర్చెను. పేరు చేరువేళకు పిట్టయే దొరకదాయెను. 2009 పిమ్మట పెక్కేండ్లు దాని నిశ్చయమైన యానవాలు లేకయే గడచినవి.

అందుచే ధనము వృథా యనువారును కలరు. వారికి మూషికజింకను చూపవలెను. కుందేలంత ప్రమాణము గల ఈ మృగమును పెంచుటకు 2010లో కేంద్ర జంతుశాలల ప్రాధికారసంస్థ, హైదరాబాదు కణజీవశాస్త్రకేంద్రపు ప్రయోగశాల, నెహ్రూ జంతుశాల కలిసి పూనుకొనిరి. కొలదిపాటి జింకలు వందలకు పెరిగినవి. 2017లో కొన్నిటిని అమ్రాబాదు అడవిలో విడిచిరి. ధనము, విద్య, ఓపిక మూడును ఒకచోట కూడిన ఫలమిది. కాని మూషికజింక చేతిలోనున్న ప్రాణి. కలివికోడిని పెంచుటకు ముందు కనుగొనవలెను. కనుగొనుట యెట్లు? పొదలక్రింద మెత్తని మట్టిని పట్టీలుగా పరచి తెల్లవారిన పిమ్మట అడుగుజాడలు చదువవలెను. మునిమాపువేళ దాని కూతను వినిపించి బదులు వచ్చునా యని చెవియొగ్గవలెను. ఇది ఏడాదులతరబడి రాత్రులు మేల్కొను మనుష్యుల పని.

ఆ మనుష్యులవద్దకు గ్రాంటు చేరు విధము చూడుడు. తొలివాయిదా కేంద్రమునుండి రాష్ట్రఖజానాకు వచ్చును. రాష్ట్రము తన వంతు కలిపి విడుదల చేయవలెను. ఖర్చైనదని వినియోగపత్రము పంపిన గాని రెండవవాయిదా రాదు. కట్టడమునకు ఆలస్యమైనచో కట్టడము వేచియుండును. దినకూలికై అడవి కాయు చెంచువాడు వేచియుండజాలడు. నల్లమలలో పులిని కాయుచున్నది చాలవరకు వారే. వారిని అడవి వెలుపలికి తరలించుటకు మాత్రము కేంద్రపు నియమములలో కుటుంబమునకు 2008లో పది లక్షలు, 2021లో పదునైదు లక్షలు నిర్ణయింపబడినవి. సమ్మతి లేనిదే తరలింపరాదని చట్టము కలదు. తరలిపోవుటకు ఇంత మొత్తము స్పష్టముగ వ్రాయబడియుండగా, నిలిచి కాయువానికి ఏ నెల కూలి ఏ నెల చేతికందునో నిశ్చయముగ నేల వ్రాయరాదు? ఈ ప్రశ్న మనుష్యన్యాయమునకు సంబంధించినది మాత్రమే కాదు. కలివికోడి కూతను గుర్తుపట్టగల చెవులు లంకమల పల్లెలలోనే యున్నవి.