పెనుకొండ రాజధాని: బరువులు మోసినవాళ్ళ వైపు నుంచి

మన పిల్లల్లో చాలామందికి పెనుకొండ అంటే బస్సు మారే ఊరు. హిందూపురంలో కాలేజీకి, ధర్మవరంలో మగ్గాల పనికి, ఇప్పుడు ఎర్రమంచి దగ్గర కియా కంపెనీకి పోయేవాళ్ళు ఆ కొండను కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉంటారు. దాని కింద ఒక రాజధాని నడిచిందని పాఠంలో రెండు మూడు వాక్యాలు ఉంటాయి. "అందులో మనవాళ్ళు ఎక్కడ మేడం?" అని హాస్టల్ పిల్లలు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే.

దీనికి సులువైన జవాబు ఒకటుంది: కోట మనవాళ్ళే కట్టారు, రాజులు మనవాళ్ళే అనేయడం. దయచేసి అలా చెప్పకండి. ఆధారం అడిగితే నిలబడదు. నిలబడేది వేరే ఉంది, అది తక్కువేమీ కాదు.

ముందు ఊరి సంగతి. విజయనగర రాజులు తమ దేశాన్ని రాజ్యాలుగా విభజించి పాలించారు. అప్పట్లో రాజ్యం అంటే ఇప్పటి మన లెక్కలో ఒక రాష్ట్రం లాంటిది. ఉదయగిరి రాజ్యం, చంద్రగిరి రాజ్యం లాగే పెనుకొండ రాజ్యం. మొదటి బుక్కరాయలు దీన్ని తన కొడుకు వీర విరూపణ్ణ ఒడయరుకు అప్పగించాడు. కోట ఆయన కాలంలోనే, 1354 ప్రాంతంలో లేచిందని అక్కడి శాసనం చెబుతుంది. అంటే 1565 యుద్ధం తర్వాత దిక్కులేక వెతుక్కున్న ఊరు కాదిది. అప్పటికే రెండు వందల ఏళ్ళుగా రాజకుమారులు కూర్చుని పాలించిన చోటు.

కొండ ఉంటే కోట కట్టొచ్చు. కానీ ఊరు బతకాలంటే నీళ్ళు కావాలి. మనది ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే సీమ, అదీ పడితే. ఈ చిక్కు అప్పుడూ ఉంది. 1388 నాటి ఒక శాసనం గౌరీబిదనూరు వైపు ఉంది. పెనుకొండలో కొలువున్న రాజకుమారుడు బుక్కరాయలు, పెన్నా నదిని పెనుకొండకు తీసుకురమ్మని సింగయభట్టు అనే ఆయనకు ఆజ్ఞ ఇచ్చాడట. శాసనంలో ఆయన్ను జలసూత్రం తెలిసినవాడని అన్నారు. అంటే నీళ్ళ ఇంజనీరు. ఆయన నది నుంచి సిరువర చెరువుకు కాలువ తవ్వించాడు. కాలువకు రాజకుమారుడి పేరే పెట్టారు.

ఇక్కడ కాసేపు ఆగండి. ఆజ్ఞ ఇచ్చినాయన పేరు రాయి మీద ఉంది. తవ్వించినాయన పేరూ ఉంది. అలా ఇంజనీరు పేరు చెక్కడం గొప్ప సంగతే, ఈ రోజుల్లో శిలాఫలకాల మీద అది కూడా ఉండదు! గడ్డపార పట్టినవాళ్ళు, తట్ట మోసినవాళ్ళు మాత్రం రాయికి ఎక్కలేదు. ధర్మవరం చెరువు, బుక్కపట్నం చెరువు కూడా విజయనగర కాలపువే. రెండూ చిత్రావతి నీళ్ళతో నిండేవి. ఈ చెరువుల కింద పండిన వడ్లు, మెట్టలో పండిన రాగులు, కొర్రలు, ఉలవల మీద వచ్చిన పన్నుతోనే పెనుకొండ ఖజానా నడిచింది. అచ్యుతరాయల కాలంలో ఇక్కడి కోశాధికారి విరూపణ్ణ లేపాక్షి గుడి కట్టించాడు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని నింద పడితే తన కళ్ళు తానే పీకి గోడకు కొట్టుకున్నాడని కథ చెబుతారు. కథ నిజమో కాదో గానీ, అది ఆ సొమ్ము ఎవరిదన్న తగువు. పండించినవాళ్ళను ఆ కథలో కూడా ఎవరూ అడగలేదు.

1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో రామరాయలు చనిపోయాడు. తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను ఏనుగుల మీద వేసుకుని పెనుకొండకు వచ్చాడు. 550 ఏనుగులని సూయెల్ 1900లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. భట్టుమూర్తి వసుచరిత్రను అంకితం తీసుకున్నది ఈ తిరుమలరాయలే. 1577లో బీజాపూర్ సైన్యం ముట్టడిస్తే జగదేవరాయుడు కోటను నిలబెట్టాడు. ఆ తర్వాత రెండో వేంకటపతిరాయలు 1592 ప్రాంతంలో రాజధానిని చంద్రగిరికి మార్చాడు. ఇరవై ఏడేళ్ళ ముచ్చట.

ఏనుగుల లెక్క రాశారు సరే. ముట్టడిలో ఉన్న ఊరికి ముందుగా గింజలు, ఉప్పు చేర్చిందెవరు? మనం అడగాల్సింది అది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పేస్ అనే పోర్చుగీసు వ్యాపారి, బరువులేసిన ఎద్దులు వీధుల నిండా ఉండేవని, అవి దాటేదాకా ఆగడమో వేరే వీధిలో పోవడమో చేయాల్సి వచ్చేదని రాశాడు. రాజధాని అన్నది ఎక్కడున్నా ఎద్దుల వీపుల మీదే బతికింది. మన సుగాలీలు దక్షిణానికి పెద్ద సంఖ్యలో వచ్చింది 17వ శతాబ్దంలో, మొగలు సైన్యాల వెంట అని చరిత్రకారుల్లో ఎక్కువమంది అంటారు. కాబట్టి తిరుమలరాయల ఎద్దులు మన తాండావే అనకూడదు. కానీ ఆ శతాబ్దంలోనే టావెర్నియర్ అనే ఫ్రెంచి వ్యాపారి పది పన్నెండు వేల ఎద్దుల బిడారులను చూశానని, ఒక్కో జట్టు ఒక్కో సరుకే, ధాన్యమో పప్పులో ఉప్పో, మోసేదని రాశాడు. అదే మనవాళ్ళ లదేణి. 1791లో టిప్పు మీదికి వెళ్ళిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు అందించినవాళ్ళలో బంజారాలు ఉన్నారు. సైన్యాలు గెలిచినా ఓడినా వాళ్ళు తినాలి కదా.

మన ఎరుకలవాళ్ళు కూడా అంతే. సముద్రం ఒడ్డు నుంచి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు తెచ్చి, లోపలి ఊళ్ళలో గింజలకు మార్చేవాళ్ళు. ఉప్పు కొరవలు అని పాత రాతల్లో కనిపించేది వాళ్ళే.

ఆ బతుకును యుద్ధాలు చెరపలేదు. ఉప్పు మీద కంపెనీ పెత్తనం, ఆ తర్వాత రైలు చెరిపాయి. 1890ల్లో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా రైలు వచ్చింది. వేల ఎద్దులు నెలల తరబడి మోసే సరుకు రోజుల్లో దిగిపోయింది. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే, 1911లో, నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దారుల వెంట తిరగడమే వృత్తిగా బతికినవాళ్ళకు తిరగడమే నేరమైంది. ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. మాట మాత్రం ఇంకా కొన్ని నోళ్ళలో పోలేదు, మీకు తెలుసు. ఈసారి ఎవరైనా ఆ మాట అంటే కోపంతో పాటు ఈ తేదీలు కూడా చెప్పండి.

సంక్రాంతి సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ముసలివాళ్ళ దగ్గర కూర్చుని నాలుగు సంగతులు రాసుకు రండి: ఎద్దులు ఏ కనుమ దిగేవి, రాత్రి ఏ బావి దగ్గర విడిది, ఏ సంతలో ఉప్పుకు ఎన్ని రాగులు, ఆ దారిని మన భాషలో ఏమనేవాళ్ళు. చెప్పినవాళ్ళ పేరు, ఊరు, తేదీ కూడా పక్కన రాయండి.