అమెరికా అకౌంటింగ్ డిగ్రీలో 150 గంటల నిబంధన

అమెరికాలో సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్ (సీపీఏ) లైసెన్సు కావాలంటే మూడు గడపలు దాటాలి: చదువు, పరీక్ష, పని అనుభవం. వీటిలో చదువు గడప ఎత్తు ఎంతుండాలన్న తగవు నూరేళ్లకు పైగా నడుస్తోంది. మామూలు బ్యాచిలర్ డిగ్రీకి 120 సెమిస్టర్ గంటలు చాలు. సీపీఏకు మాత్రం 150 ఉండాలని 1980ల నుంచి రాష్ట్రాలు ఒకదాని వెనక ఒకటి పట్టుబట్టాయి. 2025 వచ్చేసరికి అవే రాష్ట్రాలు పట్టు సడలించడం మొదలుపెట్టాయి.

ఇక్కడ గంట అంటే గడియారం గంట కాదు. సెమిస్టర్ పొడవునా వారానికో గంట క్లాసులో కూర్చుంటే అది ఒక సెమిస్టర్ గంట, అంటే ఒక క్రెడిట్. మామూలు కోర్సుకు మూడు క్రెడిట్లు. సెమిస్టరుకు అయిదు కోర్సులు చదివితే 15, ఏడాదికి 30, నాలుగేళ్లకు 120. అందుకే 150 అనగానే విద్యార్థి చెవికి వినిపించేది అయిదో ఏడు, దాని ఫీజు.

సీపీఏ అన్న హోదా 1896 ఏప్రిల్ 17న న్యూయార్క్ రాష్ట్ర చట్టంతో పుట్టింది. మొదటి నంబరు సర్టిఫికెట్ ఫ్రాంక్ బ్రోకర్‌కు దక్కింది. క్రిస్టీన్ రాస్ 1898లో పరీక్ష రాసి నెగ్గినా, ఆడవాళ్లకు ఇవ్వవచ్చా అన్న మీమాంసలో ఆమె సర్టిఫికెట్ 1899 చివరిదాకా ఆగింది. ఆ చట్టం అడిగిన చదువు హైస్కూలు స్థాయే. పద్దులు చూడడం ఆఫీసులో పెద్దల పక్కన కూర్చుని నేర్చుకునే విద్య, దానికి కాలేజీ దేనికన్నది ఆనాటి ధోరణి. అకౌంటెంట్ల సంఘమే 1890ల తొలినాళ్లలో న్యూయార్క్‌లో ఒక అకౌంటింగ్ బడి తెరిచి, చేరేవాళ్లు లేక కొద్దికాలానికే తలుపులు మూసింది.

విశ్వవిద్యాలయాల్లోకి వ్యాపార విద్య వేరే దారిన వచ్చింది. ఇనుము, నికెల్ పరిశ్రమల్లో గడించిన జోసెఫ్ వార్టన్ 1881లో లక్ష డాలర్లిచ్చి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బిజినెస్ స్కూలు పెట్టించాడు. 1900లో న్యూయార్క్ యూనివర్సిటీ కామర్స్, అకౌంట్స్, ఫైనాన్స్ స్కూలు మొదలైంది. దాని తొలి డీన్ చార్లెస్ వాల్డో హాస్కిన్స్ స్వయానా పేరున్న ఆడిటర్, హాస్కిన్స్ అండ్ సెల్స్ భాగస్వామి. పగలు ఆఫీసులో పనిచేసే గుమాస్తాలు సాయంత్రం అక్కడికొచ్చి చదువుకునేవారు. 1916లో బిజినెస్ స్కూళ్లు ఏఏసీఎస్‌బీ అనే సంఘంగా ఏర్పడ్డాయి. బిజినెస్ డిగ్రీకి ఎంత చదువు అవసరమో రాసిపెట్టే పని తర్వాత్తర్వాత ఎక్కువగా దానికే వచ్చింది.

కాలేజీ డిగ్రీ తప్పనిసరి అన్న మాటను చట్టంలో ముందుగా రాసింది మళ్లీ న్యూయార్కే. 1929లో చట్టం చేసి, 1938 నుంచి అమలు పెట్టింది. మిగతా రాష్ట్రాలు ఆ వరసలోకి రావడానికి దశాబ్దాలు పట్టింది.

డిగ్రీ వచ్చింది సరే, అందులో ఏముంది? 1959లో వెలువడిన రెండు నివేదికలు ఈ ప్రశ్నతో బిజినెస్ స్కూళ్ల పరువు బజారుకీడ్చాయి. ఒకటి ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో రాబర్ట్ గోర్డన్, జేమ్స్ హొవెల్ రాసినది. రెండోది కార్నెగీ కార్పొరేషన్ తరఫున ఫ్రాంక్ పియర్సన్ రాసినది. రెండింటి ఫిర్యాదూ దాదాపు ఒకటే. కుర్రాళ్లకు మొదటి ఉద్యోగానికి పనికొచ్చే చిల్లర మెలకువలు నేర్పుతున్నారు తప్ప గణితం, ఆర్థికశాస్త్రం, భాష, చరిత్ర నేర్పడం లేదు. డిగ్రీలో కనీసం సగం వ్యాపారేతర విషయాలు ఉండాలని గోర్డన్, హొవెల్ వాదించారు. పేరున్న స్కూళ్లు చాలావరకు ఈ దెబ్బతోనే గణాంకాలు, ప్రవర్తనా శాస్త్రాలు పాఠాల్లోకి తెచ్చాయి.

అకౌంటింగ్ వాళ్లకు ఇక్కడే ఇరకాటం వచ్చింది. ఒకవైపు సాహిత్యం, సైన్సు పెంచమంటున్నారు. ఇంకోవైపు పన్నుల చట్టాలు, ఆడిట్ ప్రమాణాలు ఏటేటా లావెక్కుతున్నాయి. నాలుగేళ్ల సంచిలో రెండూ పట్టవు. రాబర్ట్ రాయ్, జేమ్స్ మెక్‌నీల్ 1967లో సీపీఏకు ఉండాల్సిన జ్ఞానం ఎంతో కొలిచి ఒక పుస్తకమే రాశారు. దాని ఆధారంగా అమెరికా సీపీఏల సంస్థ ఏఐసీపీఏ నియమించిన కమిటీ 1969లో తేల్చి చెప్పింది: అయిదేళ్లు కావాలి.

చెప్పడం వేరు, చట్టం వేరు. హవాయి 1970ల చివర్లో చట్టం చేసింది. అమలు చేసి చూపిన మొదటి రాష్ట్రం ఫ్లోరిడా, 1983లో. అక్కడ పరీక్షకు వచ్చేవారి సంఖ్య పడిపోయింది, నెగ్గేవారి శాతం పెరిగింది. నిబంధన కోరేవారు రెండో సంగతిని దండోరా వేశారు, వద్దనేవారు మొదటిదాన్ని. ఆ ఒక్క రాష్ట్రం లెక్కల్లోనే తర్వాతి నలభయ్యేళ్ల వాదన మొత్తం ఇమిడి ఉంది.

1988లో ఏఐసీపీఏ సభ్యులు ఓటు వేసి, 2000 తర్వాత చేరే కొత్త సభ్యులకు 150 గంటలు ఉండాల్సిందేనన్నారు. మరుసటి ఏడు నాటి ఎనిమిది పెద్ద ఆడిట్ సంస్థలు కలిసి ఒక పత్రం విడుదల చేశాయి. కొత్తగా వచ్చే ఉద్యోగులకు నిబంధనలు కంఠతా వస్తున్నాయి గానీ, నలుగురిలో మాట్లాడడం, తెలియని చిక్కును విడదీయడం రావడం లేదన్నది అందులోని సారం. పాఠ్యప్రణాళికలు మార్చేందుకు 40 లక్షల డాలర్ల దాకా ఇస్తామని కూడా అవి ముందుకొచ్చాయి. ఆ డబ్బుతో డోయిల్ విలియమ్స్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ విశ్వవిద్యాలయాలకు గ్రాంట్లిచ్చి కొత్త బోధనా పద్ధతులు ప్రయత్నించింది.

రెండు పనులూ ఒకే కాలంలో జరిగాయి. ఒకటి గంటలు పెంచడం, ఇంకోటి ఆ గంటల్లో ఏం చెప్పాలో మార్చడం. నిలిచింది మొదటిదే. కారణం మామూలుదే: 150 అన్న అంకెను చట్టంలో ఒక వాక్యంలో రాయవచ్చు, ఆలోచించడం నేర్పమని రాస్తే దాన్ని ఏ లైసెన్సింగ్ బోర్డు గుమాస్తా టిక్కు పెట్టి సరిచూస్తాడు?

ఆ లొసుగు విద్యార్థులకు త్వరగానే దొరికింది. చాలా రాష్ట్రాలు అకౌంటింగ్‌కు ఇన్ని గంటలు, బిజినెస్‌కు ఇన్ని గంటలు అని చెప్పాయి. అవి మామూలు నాలుగేళ్ల డిగ్రీలోనే దాదాపు పూర్తవుతాయి. మిగిలిన 30లో అధికభాగం ఏ సబ్జెక్టయినా సరే. డబ్బున్నవాళ్లు మాస్టర్స్‌లో చేరారు. లేనివాళ్లు ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో చవకగా దొరికే కోర్సులు, ఆడిట్‌కు ఆవగింజంత సంబంధం లేకపోయినా, తీసుకుని అంకె నింపుకున్నారు. 2014 నుంచి అమలు చేసిన కాలిఫోర్నియా మాత్రం నైతికతకు 10 యూనిట్లు, అకౌంటింగ్ అధ్యయనానికి 20 యూనిట్లు అని విడదీసి చెప్పింది. మరోవైపు ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం లాంటివి బ్యాచిలర్, మాస్టర్ కలిపి అయిదేళ్ల జంట డిగ్రీలు నడిపాయి. విశ్వవిద్యాలయాలకు అయిదో ఏడంటే అదనపు ఫీజు కూడానని విమర్శకులు గుర్తుచేయకుండా లేరు.

అయినా ఏ రాష్ట్రమూ ఒంటరిగా వెనక్కి తగ్గలేకపోయింది. సీపీఏ లైసెన్సు రాష్ట్రం ఇచ్చేది. పక్క రాష్ట్రంలోని కంపెనీ లెక్కలు చూడాలంటే ఆ రాష్ట్రం దీన్ని తమదానితో సమానమని ఒప్పుకోవాలి. అప్పట్లో ఆ సమానత్వానికి కొలబద్ద 150. దాన్ని వదులుకుంటే సొంత అకౌంటెంట్లు సరిహద్దు దాటలేకపోయేవారు. ఈ భయమే నిబంధనను నిలబెట్టిన అసలు గుంజ.

2001లో లెక్కల మోసం బయటపడి ఎన్‌రాన్ కంపెనీ కూలింది, దాని వెంటే దాని ఆడిటర్ ఆర్థర్ ఆండర్సన్ కూడా. 2002లో కంపెనీల ఆడిట్‌ను కట్టుదిట్టం చేసే సార్బేన్స్ ఆక్స్లీ చట్టం వచ్చింది. ఆడిటర్లకు గిరాకీ పెరగడంతో క్లాసులు నిండాయి, 150 మీద గొణుగుడు కొంతకాలం సద్దుమణిగింది. 2010ల మధ్య నుంచి చేరేవారి ధార తగ్గింది. అదే నాలుగేళ్లు చదివిన ఫైనాన్స్, కంప్యూటర్ విద్యార్థి వెంటనే మెరుగైన జీతానికి వెళ్తుంటే, అకౌంటింగ్ విద్యార్థి ఇంకో ఏడాది అప్పు చేసి చదవాల్సి వచ్చేది. 2021-22లో అకౌంటింగ్ బ్యాచిలర్ డిగ్రీలు సుమారు 47 వేలకు దిగాయి. పరిశోధకుడు జాన్ బారియోస్ లెక్కలు తీసి, నిబంధన వల్ల వృత్తిలోకి వచ్చేవారు తగ్గారే గానీ, నాణ్యత పెరిగిన దాఖలా లేదన్నాడు.

ఏఐసీపీఏ ముందు పరీక్షను మార్చి చూసింది. 2024 జనవరి నుంచి అందరూ మూడు కోర్ పేపర్లు రాయాలి. నాలుగోది వ్యాపార విశ్లేషణ, సమాచార వ్యవస్థలు, పన్నులు అనే మూడింటిలో నచ్చినది ఎంచుకోవచ్చు. దాంతో కాలేజీలకు డేటా విశ్లేషణను సిలబస్‌లోకి తేక తప్పలేదు. అయిదో ఏడు మాత్రం అలాగే ఉండిపోయింది.

గుంజ కదిలింది ఒహాయోలో. 2025 జనవరిలో గవర్నర్ మైక్ డివైన్ సంతకం చేసిన చట్టం 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం బ్యాచిలర్ డిగ్రీ, రెండేళ్ల అనుభవం, పరీక్ష ఉంటే చాలు. మాస్టర్స్ చేస్తే అనుభవం ఒక ఏడాదే. వర్జీనియా, టెక్సస్, కాలిఫోర్నియా అదే బాట పట్టాయి. 2025 మేలో ఏఐసీపీఏ, రాష్ట్ర బోర్డుల సమాఖ్య తమ నమూనా చట్టంలోనూ ఈ దారిని చేర్చాయి.

తెలుగు రాష్ట్రాలకు ఈ అంకెతో ముడి పడింది బీకాం మూడేళ్లది కావడం వల్ల. 2020 నుంచి సీపీఏ పరీక్షను హైదరాబాద్‌లోనే రాయవచ్చు. అమెరికా సంస్థల పన్ను, ఆడిట్ పని చేసే పెద్ద ఆఫీసులూ నగరంలో ఉన్నాయి. యూజీసీ 2022 ప్రణాళిక ప్రకారం మూడేళ్ల డిగ్రీ విలువ 120 క్రెడిట్లు. అదే మెమోను అమెరికా బోర్డు కోసం మూల్యాంకనం చేయిస్తే, ఏడాదికి 30 చొప్పున సాధారణంగా 90గా తేలుతుంది. రెండేళ్ల ఎంకాం కలిస్తే 150. హైదరాబాద్ కోచింగ్ సెంటర్లు బీకాం మీద ఎంకాం చేయమని చెప్పడం వెనక ఉన్న గణితం ఇదే. ఆంధ్రప్రదేశ్ తెచ్చిన నాలుగేళ్ల ఆనర్స్ చదివినవారికి ఈ లెక్క వేరు. ఒహాయో తరహా దారిలో 150 మాటే లేదు. కానీ మూడేళ్ల బీకాం అక్కడి బ్యాచిలర్ డిగ్రీకి సాటి అవునో కాదో దరఖాస్తు పెట్టిన రాష్ట్రం బోర్డే చెప్పాలి, ఆ జవాబు రాష్ట్రానికొకటి.