బోవరు ప్రతి పుట్టుపూర్వోత్తరములు

1888వ సంవత్సరమున కారాకోరం కనుమకు సమీపమున ఆండ్రూ డాల్గ్లీష్ అను స్కాట్లండు దేశపు వర్తకుడు హత్యకు గురియయ్యెను. లదాఖునకును యార్ఖండునకును నడుమ సరకులు తోలుకొని బ్రతుకు నీతనిని చంపినవాడు దావూద్ మహమ్మద్ అను పఠాను. అతడు చైనా తుర్కిస్తానపు టెడారులలోనికి పారిపోగా, వాని జాడ తీయుటకై భారతదేశమునందలి ఆంగ్లప్రభుత్వము హామిల్టన్ బోవర్ అను యువ సేనాధికారిని నియోగించెను. హంతకుడు తుదకు సమర్కండు బజారులో పట్టువడి, విచారణకు ముందే చెరసాలలో ఉరివేసికొని మరణించెను. ఇంతటితో ముగిసిపోవలసిన యీ నేరకథ సంస్కృత వాఙ్మయ చరిత్రలో నొక యధ్యాయమునకు నాంది యగుట విచిత్రము. ఏలయన, హంతకుని వెదకుచు కుచా అను నొయాసిస్సునకు వచ్చిన బోవరునకు 1890వ సంవత్సరమున హంతకుడు దొరకలేదు గాని, నిధుల కొఱకై శిథిలములను త్రవ్వుకొని జీవించు స్థానికుల వలన నొక భూర్జపత్రముల కట్ట దొరకెను. ఆతడు దానిని వెలయిచ్చి కొనెను. అందలి యక్షర మొకటియైన నాతనికి తెలియదు. నేడు పండితలోకమున 'బోవరు ప్రతి' యని పేరు వడసిన గ్రంథమిదియే. గ్రంథమును రచించినవాని పేరు గాక, వ్రాసినవాని పేరు గాక, హంతకుని వెదకబోయిన సేనాధికారి పేరు దానికి శాశ్వతముగ నంటుకొనుట కాలము చేయు పరిహాసములలో నొకటి.

కుచా సామాన్యమైన యూరు గాదు. తక్లమకాన్ ఎడారికి ఉత్తరపుటంచున, తియెన్‌షాన్ పర్వతముల మంచు కరగి పాఱు ఏళ్ల నీటితో పండు నీ రాజ్యము క్రీస్తు శకపు తొలి సహస్రాబ్దిలో చాలకాలము బౌద్ధవిద్యకు పెట్టనికోట. భారతీయుడైన కుమారాయణునకు, ఆ దేశపు రాజు సోదరియైన జీవకు జన్మించిన కుమారజీవు డిచ్చటివాడే. 384వ సంవత్సరమున చైనా సేనాని ల్యూ గువాంగ్ కుచాను జయించి యాతనిని వెంటగొనిపోగా, లియాంగ్‌జౌ పట్టణమున పదియేడేండ్లు నిర్బంధమున గడపి, 401లో చాంగాన్ నగరము చేరి, సద్ధర్మపుండరీకము మొదలగు గ్రంథములను చీనాభాషలోనికి తెచ్చిన మహానుభావుడు. తరువాత రెండువందల యేండ్లకు, 630 ప్రాంతమున, ఈ మార్గమున వచ్చిన హ్యూయెన్ త్సాంగ్ యాత్రికుడు కుచాలో నూఱు సంఘారామములును, అయిదువేలకు పైబడిన సర్వాస్తివాద భిక్షువులును గలరనియు, అచ్చటి లిపి భారతీయ లిపి నుండి కొలదిమార్పులతో గ్రహింపబడినదనియు, వీణావేణువాదనమున నాదేశీయులు ఇరుగుపొరుగు రాజ్యముల వారిని మించిరనియు వ్రాసిపెట్టెను. ఆ జనుల యింటి భాష సంస్కృతము గాదు, ప్రాకృతమును గాదు. నేటి విద్వాంసులు తొఖారీ యని పిలుచు మఱియొక ఇండో-యూరోపియను భాష. ఇంట తొఖారీ, విహారమున సంస్కృతము, రెంటికిని బ్రాహ్మీలిపి.

ఇట్టి దేశమున, కుచాకు చేరువనున్న కుంతురా అను చోట, ఒక పాడువడిన స్తూపగర్భమున నీ కట్ట దాగియుండెను. మిగిలిన పత్రములు ఏబదియొకటి. అన్నియు భూర్జపత్రములు, అనగా హిమాలయ శీతలసానువులందు పెరుగు చెట్టు బెరడు. ఎడారిలో నా వృక్షము మొలవదు గావున ఈ పత్రములు కాశ్మీరాది దేశములనుండి మోయబడి వచ్చినవని చెప్పవలెను. అంతకంటె వింతయైనది వాని యాకారము. భూర్జమును వెడల్పైన పలకలుగా కోసికొనుట సులభము; అయినను లేఖకులు దానిని అడ్డముగ పొడవైన సన్నని పట్టీలుగా కత్తిరించి, త్రాటికై యెడమ ప్రక్కన రంధ్రము పెట్టి, పైని క్రిందను కొయ్యపలక లమర్చిరి. ఈ రూపము బెరడునకు స్వాభావికము గాదు, తాటాకునకు స్వాభావికము. ఈ పోలిక నెత్తిచూపినవాడు, ఈ ప్రతిని తరువాత చదివి ప్రకటించిన హార్న్లీ పండితుడే. తాటిచెట్టు కలలోనైన కనబడని మంచుకొండల దాపున, తాళపత్రపు కొలతలు ధర్మగ్రంథమునకు తప్పని సంప్రదాయమై నిలిచెనన్నమాట. మన తాతలు గంటముతో వ్రాసి పెట్టెలలో దాచిన పుస్తకములకును, కుచా భిక్షువు చేతి పుస్తకమునకును గల దాయాదిత్వ మిట్టిది.

కట్టలో నున్నది ఒక గ్రంథము గాదు. ఏడు భాగములు, నలుగురు లేఖకుల చేతివ్రాతలు. భాష సంస్కృతమే గాని పాణిని గీచిన గీటున నడచునది గాదు. ప్రాకృతరూపములు యథేచ్ఛగ దొరలినవి. మొదటి మూడు భాగములు వైద్యము, తరువాతి రెండును పాచికలతో చెప్పు ప్రశ్నశాస్త్రము, కడపటి రెండు పాముకాటునకు రక్షామంత్రము. ధ్యానమార్గమును గాని శూన్యవాదమును గాని యిందు వెదకువారికి నిరాశయే మిగులును. నా దృష్టిలో నీ నిరాశయే దీని విలువ. బౌద్ధధర్మము మధ్యాసియాకు సిద్ధాంతబలముననే వ్యాపించెనని పుస్తకములలో చదువుచుందుము. ఈ కట్ట విప్పి చూచినచో జ్వరమునకు కషాయము, ప్రయాణమునకు శకునము, పాముకాటునకు మంత్రము అనునవి మూడును ఆ ధర్మముతో నొకే సంచిలో ప్రయాణించినవని తెలియుచున్నది. ఎడారి బిడారుల దారిలో బ్రతుకు జనునకు వీనికంటె ముందు కావలసినవి యేవి?

మొదటి భాగమున మొదట వచ్చునది లశునకల్పము, అనగా వెల్లుల్లి మాహాత్మ్యము. సుశ్రుతుడు కాశిరాజు నడుగగా నాతడు చెప్పినట్లు కథ. పూర్వ మొక యసురుడు అమృతము త్రాగగా, జనార్దనుడు వాని కంఠము ఖండించెను. అప్పుడు నేలబడిన బిందువులనుండి వెల్లుల్లి మొలచినది. అసురదేహ సంపర్కమున పుట్టినది గావున ద్విజులు దీనిని తినరాదు. అమృతమునుండి పుట్టినది గావున వైద్యులు దీనిని విడువరాదు. ఈ ధర్మసంకటమునకు గ్రంథకర్త చూపిన యుపాయము చదివినవారికి చిరునవ్వు రాక మానదు: ఆవును మూడు రాత్రులు దాదాపు గడ్డి లేకయే యుంచి, పిమ్మట రెండుపాళ్ల గడ్డికి ఒకపాలు వెల్లుల్లి కాడలు కలిపి మేపి, దాని పాలు, పెరుగు, నేయి, మజ్జిగ బ్రాహ్మణుడు నిరాక్షేపముగ పుచ్చుకొనవచ్చునట. శాస్త్రమునకును దోషము లేదు, రోగమునకును మందు పడినది. అంతేగాక వెల్లుల్లి గడ్డలను మాలలుగా గ్రుచ్చి యింటి ముంగిళ్లయందు వ్రేలగట్టి చేసికొను లశునోత్సవ మొకటి యిందు వర్ణింపబడియున్నది. వినయపిటకము భిక్షువునకు వెల్లుల్లిని నిషేధించుచు వ్యాధిగ్రస్తునికి మాత్రము సడలించినది. కావున భిక్షువు పుస్తకమున దీనికి పెద్దపీట వేయబడుట విరుద్ధము గాదు.

రెండవ భాగమునకు 'నావనీతకము' అని పేరు. చిలికిన పెరుగునుండి వెన్న తీసినట్లు పూర్వాచార్యుల గ్రంథములనుండి తీసిన సారమని యర్థము. ఆత్రేయుడు, హారీతుడు, పరాశరుడు, భేలుడు, సుశ్రుతుడు మొదలగు మునుల పేర్లు కాననగును. పదునాఱు ప్రకరణములుగా సంకల్పింపబడిన యీ గ్రంథమున చూర్ణములు, ఘృతములు, తైలములు, వస్తికర్మ, రసాయనములు, యవాగువులు, వాజీకరణములు, అంజనములు, తలవెండ్రుకలకు రంగులు, కరక్కాయ కల్పము, శిలాజతువు, చిత్రమూలము, శిశుచికిత్స క్రమముగ వచ్చును. శిశుచికిత్సతోనే ప్రతి తెగిపోయినది. మన ఆయుర్వేద చరిత్రమున కిది యొనర్చిన యుపకార మింతింతనరానిది. సుశ్రుతాది గ్రంథములు చాల యర్వాచీనములని వాదించు పాశ్చాత్యులు కొందఱప్పు డుండిరి. హిందూదేశమున దొరకిన వైద్యప్రతు లన్నియు నిటీవలి శతాబ్దములవే యగుటచేత వారి నోరు మూయించు సాధనము మనకు లేకపోయెను. ఆ సాధనము ఎడారి యిసుకలో దొరకెను. ప్రతికాలమును హార్న్లీ నాలుగవ శతాబ్దమునకు ఎక్కించెను. తరువాతి లిపిశాస్త్రజ్ఞులు ఆఱవ శతాబ్దమునకు దించిరి. ఏ లెక్కను బట్టినను సుశ్రుతుడు అప్పటికే పురాణపురుషుడు.

పాచికల భాగములను గూర్చి యెక్కువ చెప్పనక్కఱలేదు. నాలుగు ముఖముల పాచికను మూడుమారులు దొర్లించినచో వచ్చు పందెములు అఱువదినాలుగు; ఒక్కొక్క పందెమునకు ఒక్కొక్క ఫలము. కోరిక తీరుననియు, బంధువులు కలియుదురనియు, కొంత యోపిక పట్టుమనియు. నేటి చిలుకజోస్యపు చీటీలకు నిది ముత్తవ్వ.

కడపటి భాగములైన మహామాయూరీ విద్య మాత్రము మనసును పట్టునది. శ్రావస్తియందు జేతవనమున స్వాతి యను యువభిక్షువు సంఘస్నానమునకై కట్టెలు కొట్టుచుండగా, పుచ్చిన మ్రాని తొఱ్ఱనుండి నల్లత్రాచు వెడలి కాటువేయును. ఆనందుడు భగవానుని కడకు పరుగిడగా, బుద్ధుడు మయూరరాజు పఠించిన రక్షావిద్య నుపదేశించును. ఈ పఠనమున రక్షణ కోరువాని పేరు చేర్చుకొనుట యాచారము. బోవరు ప్రతిలో నట్లు చేర్చబడిన పేరు యశోమిత్రుడు. స్తూపమున నిక్షిప్తమగుటచేత నీ పుస్తకము ఆ యశోమిత్రునిదే యనియు, ఆతడు పేరుగన్న భిక్షువై యుండుననియు, మరణానంతర మాతని స్మారకస్తూపమున దాని నుంచిరనియు హార్న్లీ ఊహించెను. ఆ యూహ నాకు సమ్మతముగనే యున్నది.

బోవరు సిమ్లాకు తెచ్చిన యీ కట్టను కలకత్తా ఆసియాటిక్ సొసైటీకి పంపగా, 1890 నవంబరులో జరిగిన సమావేశమున దానిని పండితులకు చూపిరి. ఎవ్వరును చదువలేకపోయిరి. అగస్టస్ రుడాల్ఫ్ హార్న్లీ అప్పుడు సెలవుపై నుండి, 1891లో కలకత్తా చేరినతోడనే పనికి గడంగెను. ఆగ్రా చేరువనున్న సికంద్రాలో 1841లో జన్మించి, కలకత్తా మదరసాకు ప్రిన్సిపాలుగ నుండిన యీ జర్మను వంశీయుడు కొలది మాసములలో లిపి గుప్తకాలపు బ్రాహ్మియని తేల్చి, 1893 నుండి 1912 వఱకు, ఇరువది యేండ్లపాటు, మూలమును, లిప్యంతరమును, అనువాదమును, ఛాయాచిత్రములను భాగభాగములుగా ప్రకటించెను.

అచ్చటినుండి మధ్యాసియాలో గ్రంథముల వేట మొదలయ్యెను. కాష్గరులోని రష్యా ప్రతినిధి పెత్రోవ్‌స్కీయు, ఆంగ్లప్రతినిధి మెకార్ట్నీయు పోటీపడి పాతకాగితములు కొనజొచ్చిరి. గిరాకి యున్నచోట సరకు పుట్టుట సహజము గదా! ఖోతానులో ఇస్లాం ఆఖూన్ అను ప్రబుద్ధుడు ఏ భాషకును చెందని యక్షరములను గిలికి, పొగలో నల్లబరచి, ఇసుక చల్లి, ప్రాచీనగ్రంథములని యమ్మెను. వానిని చదువబూని హార్న్లీ యంతటివాడు చిరకాలము శ్రమించెను. 1901లో ఆరెల్ స్టెయిన్ ఆఖూనును నిలదీసి యా గుట్టు బయటపెట్టెను. తరువాత స్టెయినును, జర్మనులైన గ్రున్‌వెడెల్, లె కాక్ పండితులును, ఫ్రెంచివాడైన పెలియోయు, జపానువారును దండయాత్రవలె వచ్చిరి. కుచా చెంతనున్న కిజిల్ గుహలనుండి కుడ్యచిత్రములను రంపములతో కోసి బెర్లినునకు తరలించిరి. వానిలో కొన్ని రెండవ ప్రపంచయుద్ధపు బాంబులకు బూడిదయైనవి. వారు తరలింపకున్న నవి నశించియుండెడివను వాదమును నేను పూర్తిగ త్రోసిపుచ్చను. స్థానికులు నిధులకై గోడలు పగులగొట్టుట నిజమే. కాని రక్షణకై తీసికొనిపోయితిమనువారు, గోడను కోయుటకు ముందు ఆ గోడ యెవరిదని యడిగినట్లు కనబడదు.

మన యాంధ్రదేశమునకు నీ కథతో సంబంధము లేకపోలేదు. కుమారజీవుడు 409లో చీనాభాషలోనికి తెచ్చిన మధ్యమకశాస్త్రము నాగార్జునాచార్యునిది. ఆ యాచార్యుడు శాతవాహనరాజునకు మిత్రుడని ప్రసిద్ధి. ఆతని నామము మన కృష్ణాతీరపు కొండను నేటికిని విడువలేదు. కుచా విహారములను చూచిన హ్యూయెన్ త్సాంగ్ దాదాపు పదియేండ్లకు ధాన్యకటకము చేరి, అచ్చట మహాసాంఘికుల యభిధర్మము నభ్యసించెను. ఒక్క మనుష్యుని పాదములు కొలిచిన దారి యది.

బోవరు ప్రతి నేడు ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున భద్రముగ నున్నది. హార్న్లీ ముద్రణ పెద్ద గ్రంథాలయములలో లభ్యము. సంస్కృతమును వైద్యమును నేర్చిన మన యాయుర్వేద పండితులు, ఓషధుల పేర్లను మన తెలుగుపేర్లతో సరిపోల్చి, నావనీతకమునకు సులభమైన తెలుగు తాత్పర్యము వ్రాయుటకు పూనుకొందురు గాక. కరక్కాయను, చిత్రమూలమును ఇంట వాడుకొను పాఠకులకు అది పరాయిగ్రంథ మనిపించదు.