భూతాప బావుల్లో తుప్పును తట్టుకొనే పదార్థాలు

భూగర్భం నుంచి పైకొచ్చే వేడినీటిలో, ఆవిరిలో క్లోరైడ్లు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్ కలిసి ఉంటాయి. కార్బన్ ఉక్కు చవకే గాని, ఆమ్లగుణం పెరిగితే త్వరగా తుప్పుపట్టి పలచబడుతుంది. వేడి ఉప్పునీటిలో మామూలు స్టెయిన్‌లెస్ స్టీలుకూ గుంటలు, పగుళ్లు పడతాయి. కాలిఫోర్నియాలోని సాల్టన్ సీ క్షేత్రంలో బావుల గొట్టాలకు టైటానియం మిశ్రలోహాలు వాడారు; ఖరీదెక్కువైనా అంత గాఢమైన ఉప్పునీటికి అది సరైన ఎంపికే.

ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లాలో 2009లో తవ్విన ఐడీడీపీ-1 బావి సుమారు 2,100 మీటర్ల లోతున శిలాద్రవాన్ని తాకింది. పైకి వచ్చిన ఆవిరి వేడి 450 డిగ్రీల సెల్సియస్ దాకా ఉండేది. అందులోని హైడ్రోజన్ క్లోరైడ్ పొడిగా ఉన్నంతసేపు పెద్దగా హాని చెయ్యదు. ఆవిరి చల్లబడి తొలి నీటిబొట్టు కట్టిన చోటే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లమై లోహాన్ని తినేస్తుంది. 2012లో కవాటాలు దెబ్బతినడంతో చన్నీళ్లు పంపి బావిని చల్లార్చారు.