ఇసుకవాగు నీళ్లలో పెరగని నాచు

పటాన్‌చెరు కాలుష్యం మీద కోర్టు కాగితాలు, కమిటీల నివేదికలు దొరికినన్ని చదివాను. చచ్చిన చేపలు, చెడిపోయిన బావులు, బీడుపడ్డ పొలాలు, అన్నిటికీ వాటిలో లెక్కలున్నాయి. నీటిమొక్కల ఊసు మాత్రం ఎక్కడో ఒక వాక్యంలో వచ్చిపోతుంది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి బతికినవాణ్ని, ఆ లోటు నన్ను బాధిస్తుంది.

కథ బాలానగర్‌లో మొదలవుతుంది. 1961లో సోవియట్ సాయంతో ఐడీపీఎల్ ఏర్పడి, అక్కడ మందుల కర్మాగారం కట్టింది. అందులో పని నేర్చిన కెమిస్టులు తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి అలా వచ్చినవారే. 1970 నాటి పేటెంట్ చట్టం మందు మీద కాక, తయారుచేసే పద్ధతి మీద మాత్రమే హక్కు ఇవ్వడం వాళ్లకు కలిసొచ్చింది. ఆ దశాబ్దంలోనే పటాన్‌చెరులో పారిశ్రామికవాడ వచ్చింది, తర్వాత బొల్లారం, కాజిపల్లి వైపు పాకింది. పేదవాడికి చవగ్గా మందు అందింది, నిజమే. ఆ మందు తయారీలో మిగిలిన నీళ్లు ఇసుకవాగులో పడ్డాయి. ఇసుకవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తాయి.

అంతకుముందు ఆ నీళ్లలో ఏముండేదో ముసలివాళ్లను అడిగి రాసుకున్నాను. కుంటల్లో తామర, కలువ, ఒడ్డున జమ్ము, తుంగ, నీళ్ల అడుగున చేపలు గుడ్లు పెట్టే నాచు. "తూటికూర కోసుకొస్తే ఆ పూట కూరకు రంది లేకుండె బిడ్డా" అంది నక్కవాగు పక్క ఊరి అవ్వ ఒకామె. తామరాకుల్లో అన్నాలు పెట్టిన పెళ్లిళ్లు కూడా ఆమెకు గుర్తే.

1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. పటాన్‌చెరు డాక్టరు కిషన్‌రావు రోగుల మధ్య నుంచే ఈ పోరాటంలోకి దిగారు. కంపెనీల వ్యర్థాలను ఒకచోట శుద్ధి చేసే కేంద్రం నడిచింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం ప్రచురించిన పరిశోధన, సుమారు 90 మందుల కంపెనీల నీళ్లు శుద్ధయి బయటికొచ్చే ఆ చోటి గురించే. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. రోజుకు సుమారు 45 కిలోలు! స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడేంత మందు.

బ్యాక్టీరియాను చంపే మందు మొక్కనేం చేస్తుందని నా విద్యార్థులు అడిగేవారు. ఆకులో పచ్చదనాన్నిచ్చే హరితరేణువు, కోటానుకోట్ల ఏళ్ల కిందట ఒక కణంలో చేరి అక్కడే ఉండిపోయిన బ్యాక్టీరియా సంతతి. దాని డీఎన్ఏను విప్పి చుట్టే ఎంజైము నేటికీ బ్యాక్టీరియా ఎంజైము లాంటిదే. సిప్రోఫ్లాక్సాసిన్ పట్టుకునేది సరిగ్గా దాన్నే. అందుకే లెమ్నా అనే ఆవగింజంత ఆకుల తేలుడు పాచి మీద ప్రయోగశాలల్లో పరీక్షిస్తే, లీటరుకు మిల్లీగ్రాము లోపు మందుకే ఎదుగుదల సగానికి పడిపోయింది. పటాన్‌చెరులో తేలింది దానికి ముప్పై రెట్లకు పైమాట.

అయినా చెరువులు పచ్చగానే ఉన్నాయి కదా అంటారు చాలామంది. ఆ పచ్చదనం గుర్రపుడెక్కది. ఊళ్ల మురుగు తెచ్చే నత్రజని, ఫాస్ఫరస్‌ తిని బలుస్తుంది, వెలుగును కప్పేసి అడుగున నాచును బతకనివ్వదు. ఒక్క మొక్కే కమ్మేసిన చెరువును చూసి బాగుందనుకోవడం నాకు మింగుడుపడదు. తామర పోయిందెప్పుడు, నాచు పోయిందెప్పుడు, మురుగు వాటా ఎంత, మందుల వాటా ఎంత అని విడదీసి చూడాల్సిన పని అది.

తర్వాత పైపులైను వేసి పటాన్‌చెరు వ్యర్థాలను అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి మళ్లించారు. మంజీర గోదావరిలో కలుస్తుంది, అంబర్‌పేట పక్కన పారే మూసీ కృష్ణలో కలుస్తుంది. ఒక నది బరువును ఇంకో నది నెత్తిన పెట్టడాన్ని నేను పరిష్కారం అనలేను.

2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఫ్యాక్టరీ నీళ్లలో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టు నాటి తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. వ్యర్థజలం విషమా కాదా అన్నది మన దగ్గర చేపతోనే తేలుస్తారు: 96 గంటల్లో నూటికి 90 చేపలు బతికితే చాలు. లెమ్నా పరీక్షకు ఏడు రోజులు పడుతుంది, ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు, ఏ డిగ్రీ కాలేజీ ల్యాబులోనైనా పిల్లలతో చేయించవచ్చు. మందుల ఫ్యాక్టరీలున్న ప్రతి మండలంలోనూ దాన్ని తప్పనిసరి చేయాలని అడుగుతున్నాను.